దిగేటప్పుడు అందరూ హీరోలే

వాట్సాప్ గ్రూపు పేరు "గ్రాండ్ కాన్యన్ లాంగ్ వీకెండ్". ఎనిమిది మంది. ఒకడు డాలస్ నుంచి వస్తాడు, ఇద్దరు బే ఏరియా నుంచి, మిగతావాళ్ళంతా ఫీనిక్స్‌లోనే ఉంటారు. ఫ్లైటు టికెట్ల మీద రెండొందల మెసేజీలు పడ్డాయి. ఏ కారు అద్దెకు తీసుకోవాలన్నదాని మీద వంద. చికెన్‌కి మసాలా పట్టించి ఎవరు తేవాలన్నదాని మీద ఎనభై. మరి ఎంత దూరం నడవాలి, ఎక్కడ వెనక్కి తిరగాలి అన్నదాని మీద? ఒకే ఒక్కటి. "అక్కడికెళ్ళాక చూద్దాం మామా." దాని కింద ఏడు బొటనవేళ్ళు.

మీ గ్రూపూ ఇలాగే ఉందా? అయితే ఈ అధ్యాయం మీకోసమే.

బూట్లు ఏ కంపెనీవి కొనాలో, ఏ కెమెరా తీసుకెళ్ళాలో చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. ఆ జోలికి నేను వెళ్ళను. స్నేహితులతో కొండలకీ ఎడారి లోయలకీ వెళ్ళినప్పుడు మనవాళ్ళని దెబ్బతీసేది బూట్లు కాదు, మొహమాటం. "నావల్ల కాదు, వెనక్కి పోదాం" అన్న ముక్క గొంతు దాకా వచ్చి ఆగిపోవడం. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత మీకు తెలుసు, దాన్ని ఇక్కడ పూర్తిగా రాయలేను. కాన్యన్‌లో అయ్యేది అంతకన్నా తక్కువేం కాదు.

మనకి తెలిసిన నడక అలిపిరి నడక. మూడువేల ఐదొందల యాభై మెట్లు. కష్టమంతా ముందే పడతాం. మోకాళ్ళ పర్వతం దగ్గర "స్వామీ, ఇక నీదే భారం" అనుకుంటాం, దారి పొడుగునా నిమ్మసోడా దొరుకుతుంది, దర్శనం అయ్యాక బస్సెక్కి కిందికి దిగిపోతాం. ఒంట్లో ఓపిక లేకపోతే సగంలోనే తెలిసిపోతుంది, అక్కణ్ణించి వెనక్కి తిరిగితే అంతా దిగుడే.

గ్రాండ్ కాన్యన్ దీనికి సరిగ్గా తలకిందులు. కారు దిగేది ఏడువేల అడుగుల ఎత్తున ఉన్న సౌత్ రిమ్ మీద, అంటే లోయ అంచున. అక్కణ్ణించి దారి కిందికి పోతుంది. పొద్దున్నే చల్లగాలి, కాళ్ళలో కొత్త ఊపు, ముందంతా దిగుడు. ఎనభై కిలోల మనిషి కూడా లేడిపిల్లలా గెంతుకుంటూ పోతాడు. కష్టం మొదలయ్యేది వెనక్కి తిరిగాకే. అప్పటికి ఎండ నడినెత్తి మీద ఉంటుంది, సీసా సగం ఖాళీ, కాళ్ళు వణుకుతుంటాయి, నిమ్మసోడా బండి ఉండదు. పైగా ప్రతి వెయ్యి అడుగులు దిగినప్పుడల్లా వేడి దాదాపు ఐదున్నర డిగ్రీల ఫారెన్‌హీట్ పెరుగుతుంది. రిమ్ మీద స్వెటర్ వేసుకున్న రోజునే కింద నది దగ్గర ఒళ్ళు కాలిపోతుంది. "తిరుమల కొండే ఎక్కాం, ఇదెంత?" అనేవాళ్ళు మీ గుంపులో తప్పకుండా ఒకరుంటారు. వాళ్ళకి ఈ పేరా చదివి వినిపించండి.

ఈ సంగతి నాకు బోధపడింది సౌత్ కైబాబ్ దారిలో. మే నెల చివర ఆరుగురం వెళ్ళాం. సీడర్ రిడ్జ్ దాకా, అంటే మైలున్నర, దిగి వచ్చేద్దామని అనుకున్నాం. అనుకున్నామంతే, ఎవరం గట్టిగా చెప్పుకోలేదు. ముప్పావు గంటలో అక్కడున్నాం. "ఇంతేనా?" అన్నాడొకడు. ఇంకో మైలున్నర దిగితే స్కెలిటన్ పాయింట్, అక్కణ్ణించి కొలరాడో నది కనిపిస్తుందని బోర్డు దగ్గర ఎవరో చెప్పారు. "ఇంత దూరం వచ్చి నది చూడకుండా పోతామా?" అన్నది, ఒప్పుకుంటున్నాను, నేనే. మా ఎమ్మెస్ రోజుల రూమ్మేట్ మాత్రం ఏమీ అనలేదు. "ఓకేనా రా?" అని అడిగాను. "ఓకే" అన్నాడు. ఆ ఓకేని పట్టుకుని ఇంకో తొమ్మిదొందల అడుగులు దిగిపోయాం.

నది కనిపించింది. దూరంగా, పచ్చటి దారప్పోగులా. ఫొటోలు దిగాం.

తిరుగుదారిలో వాడు వెనకబడ్డాడు. సీడర్ రిడ్జ్ దాటాక ఒక మలుపులో, మనిషి సగం మాత్రమే పట్టేంత బండ నీడలో కూలబడ్డాడు. పెదవుల చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది. వేళ్ళు ఉబ్బి, ఉంగరం తిరగడం లేదు. మూడు లీటర్ల నీళ్ళు తాగేశాడు, కానీ పొద్దుట కాఫీ తప్ప ఏమీ తినలేదు. చిప్స్ ప్యాకెట్లున్న బ్యాగు ముందు నడిచిపోయిన ఇద్దరి దగ్గరుంది, వాళ్ళు ఎప్పుడో రెండు మలుపులు పైకెళ్ళిపోయారు. పక్కనే పోతున్న ఒక పెద్దావిడ, డెబ్బై ఏళ్ళుంటాయేమో, ఆగి తన సంచిలోంచి ఉప్పు బిస్కెట్లు తీసి వాడి ఒళ్ళో పెట్టింది. నీళ్ళు ఇక తాగొద్దంది, చొక్కా మీద పోసుకోమంది. నలభై నిమిషాలు కదలనివ్వలేదు. ఆలోగా నేను వాడి బూటు విప్పాను. రెండు వేళ్ళ గోళ్ళు నల్లబడి ఉన్నాయి.

"ఎప్పట్నించి?"

"పొద్దున దిగేటప్పట్నించే."

"మరి చెప్పవేంరా?"

"మీరంతా హుషారుగా ఉన్నారు కదా."

గంటా నలభై నిమిషాల్లో దిగాం. ఎక్కడానికి ఐదున్నర గంటలు పట్టింది. ఆ "హుషారుగా ఉన్నారు కదా" అన్న మాట మీ గుంపులో ఎవరి నోటా రాకుండా చూసుకోవాలి. ఎలా? కింద రాసినవన్నీ దానికోసమే.

1. వెనక్కి తిరిగే టైము రిమ్ మీదే తేల్చండి

ఎంత దూరం పోదామని కాదు, ఎన్నింటికి వెనక్కి తిరుగుదామని మాట్లాడుకోండి. దూరం మీద బేరాలుంటాయి. "ఇంకొక్క మలుపే", "అదిగో ఆ చెట్టు దాకా". గడియారంతో బేరం కుదరదు.

లెక్క తేలిక. ఎక్కడానికి దిగినదానికి రెట్టింపు పడుతుందని అక్కడి రేంజర్లు వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. కాబట్టి మీకున్న సమయాన్ని మూడు భాగాలు చేయండి. ఒక భాగం దిగడానికి, రెండు భాగాలు ఎక్కడానికి. ఎండాకాలంలో పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఆ దారుల్లో ఎక్కుడు పెట్టుకోవద్దని పార్కువాళ్ళే చెబుతారు. అంటే ఐదింటికి మొదలుపెడితే పదికల్లా పైన ఉండాలి. చేతిలో ఉన్నది ఐదు గంటలు. మూడో వంతు గంటా నలభై. ఆరూ నలభై అయ్యేసరికి ఎక్కడున్నా సరే, వెనక్కి. సీడర్ రిడ్జ్ చేరినా చేరకపోయినా. నది కనిపించినా కనిపించకపోయినా.

ఆ టైముని బాల్‌పెన్నుతో అరచేతి వెనక రాసుకోండి. అందరూ రాసుకోవాలి. చిన్నపిల్లల ఆటలా ఉందా? ఉండనివ్వండి. కింద మలుపులో ఒకడు "ఇంకో పది నిమిషాలు మామా" అన్నప్పుడు, మొహమాటస్తుడు నోరు తెరవక్కర్లేదు. చెయ్యి చూపిస్తే చాలు.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఒక్క రోజులో నది దాకా దిగి మళ్ళీ పైకి రావాలనుకోవడం. బ్రైట్ ఏంజెల్ దారిలో నది దాకా దాదాపు ఎనిమిది మైళ్ళు, సౌత్ కైబాబ్‌లో ఆరు మైళ్ళ పైనే. ఇది ఒక్కరోజులో చేయొద్దని దారి మొదట్లోనే బోర్డు పెట్టి, దాని మీద వాంతి చేసుకుంటున్న కుర్రాడి బొమ్మ కూడా వేశారు. మనవాళ్ళు ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగి మరీ కిందికి పోతారు.

2. నిదానంగా నడిచేవాళ్ళని ముందు పెట్టండి

సాధారణంగా ఏం జరుగుతుంది? గట్టిగా నడిచేవాళ్ళు ముందుపోతారు. ఒక నీడ చూసుకుని కూర్చుంటారు. నీళ్ళు తాగుతారు, జోకులేసుకుంటారు. పది నిమిషాలకి వెనకబడ్డవాడు రొప్పుతూ వస్తాడు. వాడు వచ్చీ రాగానే "హమ్మయ్య, వచ్చేశాడు, పదండి" అని అందరూ లేస్తారు. రోజంతా ఇదే. అంటే విశ్రాంతి అవసరం లేనివాళ్ళకి విశ్రాంతి దొరుకుతోంది, కావలసినవాడికి ఒక్క నిమిషం దొరకడం లేదు. ఈ సంగతి ఎప్పుడైనా గమనించారా? నేను ఆ ఐదున్నర గంటల దాకా గమనించలేదు.

నిదానస్తుడు ముందుంటే వేగం వాడిది. ఆగాలనిపిస్తే వాడే ఆగుతాడు, ఎవరినీ అడగక్కర్లేదు. వెనక నడిచే చిరుతపులులకి కొంచెం విసుగ్గానే ఉంటుంది. వాళ్ళ చేతికి కెమెరా ఇవ్వండి.

తిండీ నీళ్ళూ మాత్రం ఎవరివి వాళ్ళ వీపు మీదే ఉండాలి. "అన్నీ ఒకే బ్యాగులో పెడదాం, వంతులవారీగా మోద్దాం" అన్న ప్లాను పార్కింగులో తెలివిగానే కనిపిస్తుంది, మా చిప్స్ ప్యాకెట్లు ఎక్కడికెళ్ళాయో చదివారుగా.

3. "ఓకేనా?" అని అడగడం మానండి

ఎందుకంటే జవాబు ఎప్పుడూ "ఓకే"నే. "భోంచేశారా?" అంటే "ఆ, అయింది" అన్నట్టు అది మర్యాద జవాబు, నిజం జవాబు కాదు. నిజం కావాలంటే అంకెలు అడగాలి.

"పొద్దుట్నించి ఎన్ని సీసాలు తాగావు?" "ఆఖరున ఏం తిన్నావు, ఎప్పుడు?" "పాదంలో ఎక్కడైనా మంటగా ఉందా, ఏ వేలు?" "బాత్‌రూమ్‌కి ఎప్పుడెళ్ళావు?" ఈ చివరిది అడగడానికి అందరూ సిగ్గుపడతారు, కానీ అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న అదే. ఐదారు గంటలుగా వెళ్ళలేదంటే నీళ్ళు చాలలేదని అర్థం.

ఇంకో చిట్కా. గుంపులో అందరికన్నా బలంగా ఉన్నవాడు ముందు తన బాధ చెప్పుకోవాలి. "నా మోకాలు పట్టేస్తోంది, ఐదు నిమిషాలు ఆగుదాం" అని వాడంటే చాలు, చూడండి, ఇద్దరు ముగ్గురు టక్కున బూట్లు విప్పుతారు. అప్పటిదాకా పళ్ళ బిగువున నడుస్తున్నవాళ్ళే వాళ్ళంతా.

మరి ఆ మొహమాటస్తుడు మీరే అయితే? సారీతో మొదలుపెట్టకండి. "సారీ రా, నావల్ల మీ అందరికీ..." అంటే స్నేహితులు ఏమంటారు? "ఛఛ, అదేం లేదు, నెమ్మదిగా రా" అంటారు, మళ్ళీ నడక మొదలు. దానికి బదులు "నాకు పది నిమిషాలు కావాలి, ఇక్కడే" అనండి. ఆ వాక్యాన్ని ఇంట్లో అద్దం ముందు ఒకసారి పైకి అని చూడండి. నవ్వొస్తుంది, నిజమే. నోటికి అలవాటవుతుంది కూడా.

వెక్కిరింతల విషయం ఒక్క మాట. "ముసలాడివైపోయావురా" లాంటివి మన స్నేహాల్లో ఊపిరంత మామూలు. వాటిని డిన్నర్ దాకా దాచుకోండి. లోయలో ఉన్నంతసేపూ బంద్.

4. నీళ్ళు ఒక్కటే చాలవు, పులిహోర కావాలి

మనవాళ్ళందరికీ తెలిసిన సలహా "నీళ్ళు బాగా తాగండి". అది సగం సలహా. ఎండలో గంటల తరబడి చెమట కారుతుంటే నీటితోపాటు ఉప్పు పోతుంది. ఏమీ తినకుండా నీళ్ళే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడిపోతుంది. డాక్టర్లు దీన్ని హైపోనాట్రీమియా అంటారు. వికారం, తలనొప్పి, వేళ్ళ ఉబ్బు, ముదిరితే మనిషి అయోమయంగా మాట్లాడటం. ఇబ్బందేమిటంటే చూడటానికి ఇది వడదెబ్బలాగే ఉంటుంది, దాంతో పక్కనున్నవాళ్ళు ఇంకో సీసా నీళ్ళు తాగిస్తారు. మేమూ ఆ పనే చేయబోయాం, ఆ పెద్దావిడ ఆపింది.

కాబట్టి దాహమైనప్పుడు తాగండి, తాగినప్పుడల్లా ఉప్పగా ఏదో ఒకటి నమలండి. ఈ విషయంలో మనకున్న సౌకర్యం ఇంకెవరికీ లేదు. జంతికలు, చేగోడీలు, కారప్పూస, ఉప్పు వేయించిన పల్లీలు అన్నీ దీనికోసమే పుట్టాయా అనిపిస్తుంది. వాటిలోకల్లా రాజు చింతపండు పులిహోర. ఉప్పుంది, నూనె ఉంది, పిండిపదార్థం ఉంది, పులుపు వల్ల ఎండకి తొందరగా పాడవదు, నోరు ఎండిపోయినప్పుడు కూడా గొంతు దిగుతుంది. చపాతీలో ఆవకాయ ముద్ద చుట్టుకున్నా భేషుగ్గా ఉంటుంది. పెరుగన్నం ప్రియులు మాత్రం మన్నించాలి, ఆ ఎండలో మధ్యాహ్నానికి డబ్బా మూత దానంతటదే లేస్తుంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు అమ్మ సూట్‌కేసులో కుక్కిన ఎలక్ట్రాల్ ప్యాకెట్లు ఉన్నాయా? తలా రెండు జేబులో వేసుకోండి.

దారిలో నీళ్ళ సంగతి ముందే కనుక్కోండి. సౌత్ కైబాబ్ దారిలో దిగాక ఎక్కడా చుక్క నీళ్ళు దొరకవు. బ్రైట్ ఏంజెల్‌లో మైలున్నర దగ్గరా, మూడు మైళ్ళ దగ్గరా కుళాయిలున్నాయి, కానీ చలికాలంలో కట్టేస్తారు. పైగా పార్కుకి నీళ్ళు తెచ్చే గొట్టం పాతబడి తరచూ పగులుతూ ఉంటుంది. 2024 ఆగస్టు చివర, సరిగ్గా లేబర్ డే సెలవులకి ముందు, అది పగిలి సౌత్ రిమ్ హోటళ్ళలో రాత్రి బస ఆపేయాల్సి వచ్చింది. ఆ వారాంతానికి బుకింగులున్న గుంపులెన్నో! బయల్దేరే ముందురోజు విజిటర్ సెంటర్లో అడగందే సీసాలు తక్కువ నింపుకోకండి.

ఎవరైనా తేడాగా మాట్లాడుతున్నా, నడక తూలుతున్నా ఆ మనిషిని ఇక నడిపించకండి. నీడలో కూర్చోబెట్టి ఒకరు దగ్గరుండండి, ఇద్దరు పైకి వెళ్ళి రేంజర్లకి చెప్పండి. ఫోను పలుకుతుందని నమ్ముకోకండి.

5. కాలిగోళ్ళు

బయల్దేరే ముందురోజు రాత్రి కత్తిరించుకోండి. దిగేటప్పుడు వేళ్ళు బూటు కొసకి కొట్టుకుంటాయి. కొత్త బూట్లు వద్దు, వేసుకుని కనీసం నెల రోజులు తిరిగినవే కావాలి. డాలస్‌వాళ్ళు "మాకెక్కడున్నాయండీ కొండలు?" అంటారు. పార్కింగ్ గరాజ్ మెట్లున్నాయి. ఎక్కడం కన్నా దిగడం ఎక్కువ సాధన చేయండి, మోకాళ్ళకి పరీక్ష అక్కడే.

6. కొండ లెక్క వేరు

చాలా గుంపులు ఒకే ట్రిప్పులో ఒక శిఖరాన్ని కూడా కలుపుకుంటాయి. ఫ్లాగ్‌స్టాఫ్ పక్కనే హంఫ్రీస్ పీక్ ఉంది, 12,633 అడుగులు, అరిజోనాలోకెల్లా ఎత్తైనది. రానూపోనూ దాదాపు పది మైళ్ళు. ఇక్కడ అలిపిరి లెక్క మళ్ళీ పనిచేస్తుంది, కష్టం ముందే తెలిసిపోతుంది. అయితే రెండు కొత్త శత్రువులు.

ఒకటి గాలి. సముద్రమట్టం దగ్గర ఉండే బే ఏరియావాళ్ళు దిగీదిగగానే మర్నాడు దాని మీదికి ఎక్కితే ఊపిరి అందదు, తల పగిలిపోతుంది. ఒకటి రెండు రాత్రులు ఫ్లాగ్‌స్టాఫ్‌లో పడుకోండి, ఆ ఊరే ఏడువేల అడుగుల దగ్గరుంది. తల నొప్పి పెరుగుతూ వాంతి కూడా వస్తుంటే మందు ఒక్కటే, దిగిపోవడం.

రెండోది పిడుగు. జులై, ఆగస్టుల్లో అరిజోనాకీ మాన్‌సూన్ ఉంది. పొద్దున ఆకాశం కడిగినట్టుంటుంది, మధ్యాహ్నానికి మబ్బు కమ్ముతుంది. చెట్లు ఆగిపోయాక పైనంతా ఉత్త రాళ్ళ గుట్ట, అక్కడ అన్నిటికన్నా ఎత్తుగా ఉండేది మీరే. కాబట్టి మధ్యాహ్నానికి ముందే చెట్లలోకి దిగి ఉండాలి. పైకి పోతుంటే "అదిగో శిఖరం" అనిపించే దొంగ శిఖరాలు ఒకటి తర్వాత ఒకటి వస్తాయి. ప్రతిదాని దగ్గరా "ఇంకొక్కటే" అంటాడొకడు. చేతి మీద రాసుకున్న టైము చూసుకోండి.

7. ఇరుకు లోయలో ఆకాశం మీ నెత్తి మీద ఉన్నది కాదు

యూటాలోని జయాన్‌కి వెళ్ళినవాళ్ళంతా "నారోస్" నడవాలనుకుంటారు. వర్జిన్ నది పారే ఇరుకు లోయ అది, నదే దారి. పాచి పట్టిన రోళ్ళ మీద నడిచినట్టుంటుంది, స్ప్రింగ్‌డేల్‌లో కర్రా నీటి బూట్లూ అద్దెకి ఇస్తారు, పిసినారితనం చేయకుండా తీసుకోండి. కింది నుంచి బిగ్ స్ప్రింగ్ దాకా పోయి రావడానికి పర్మిట్ అక్కర్లేదు.

మన ఊళ్ళలో పశువులు కాసేవాళ్ళని అడిగితే చెబుతారు, ఇక్కడ ఎండ కాస్తున్నా పైన ఎక్కడో కురిస్తే వాగు వచ్చేస్తుందని. ఎడారి లోయల్లో ఇది ఇంకా దారుణం, ఎందుకంటే ఆ రాతి నేల నీటిని పీల్చుకోదు, కురిసిందంతా లోయలోకే వస్తుంది. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని లోయర్ యాంటెలోప్ కాన్యన్‌లో పదకొండు మంది యాత్రికులు అలాగే కొట్టుకుపోయారు. వాన కురిసింది మైళ్ళ దూరంలో. 2015 సెప్టెంబర్ 14న జయాన్‌లోని కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు ఉన్న ఒక గుంపు మొత్తం పోయింది. వరద వచ్చే అవకాశం ఉందని ఆ రోజు పార్కు చెబుతూనే ఉంది.

ఇక్కడే మొహమాటం మళ్ళీ తలెత్తుతుంది. నెలల ముందు బుకింగ్, నాలుగు వందల డాలర్ల ఫ్లైటు, ఏడుగురు సరదాగా ఉన్నారు. "వరద సూచన చూశారా?" అని అడిగినవాడు పిరికివాడైపోతాడు. కాబట్టి ఆ పని ఎవరిదో ముందే ఒకరికి అప్పజెప్పండి. రోజూ పొద్దున పార్కు ప్రకటించే వరద అంచనా చదవడం వాడి డ్యూటీ. "అవకాశం లేదు" తప్ప ఇంకేం రాసి ఉన్నా ఇరుకులోకి పోవద్దన్నది నా పద్ధతి, కొందరు నన్ను అతిజాగ్రత్త మనిషినంటారు. అననివ్వండి. లోపల ఉండగా నీళ్ళు బురదరంగుకి తిరిగినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా, లారీ వస్తున్నట్టు హోరు వినిపించినా చర్చ పెట్టుకోకండి. వెంటనే ఎంత ఎత్తుకి ఎక్కగలిగితే అంత ఎత్తుకి.

జయాన్‌లోనే ఏంజెల్స్ ల్యాండింగ్ ఉంది. రెండు పక్కలా అగాధం, మధ్య సన్నటి రాతి వెన్ను, పట్టుకోవడానికి ఇనప గొలుసు. 2022 ఏప్రిల్ నుంచి దానికి లాటరీలో పర్మిట్ తీసుకోవాలి. అయితే గొలుసులు మొదలయ్యే చోటు, స్కౌట్ లుకౌట్ దాకా పర్మిట్ లేకుండానే పోవచ్చు, అక్కణ్ణించి లోయ అద్భుతంగా కనిపిస్తుంది. అక్కడికి వచ్చి "నేను ఇక్కడ కూర్చుంటాను, మీరు వెళ్ళి రండి" అన్నవాళ్ళని బతిమాలకండి. "నేనున్నాగా, చెయ్యి పట్టుకుంటా రా" అనే బావలు ఉంటారు. ఆ గొలుసు దగ్గర ఎవరి చెయ్యి ఎవరూ పట్టుకోలేరు.

8. టైము ఎవరి టైము?

అరిజోనా గడియారం ఏడాది పొడుగునా మారదు. యూటాది మార్చి నుంచి నవంబర్ దాకా గంట ముందుంటుంది. అరిజోనా లోపలే ఉన్న నవాహో తెగవాళ్ళ నేలది యూటా లెక్క. యాంటెలోప్ పక్కనున్న పేజ్ ఊరిది మళ్ళీ అరిజోనా లెక్క. ఫోను ఏ టవర్ని పట్టుకుంటే ఆ టైము చూపిస్తుంది. యాంటెలోప్ టూర్‌కి గంట ముందొచ్చి కూర్చున్నవాళ్ళనీ, జయాన్‌లో గంట ఆలస్యంగా దిగినవాళ్ళనీ చూశాను. ఒకడు ముళ్ళ గడియారం పెట్టుకుని దాన్ని ముట్టుకోకుండా ఉంటే గొడవుండదు. జయాన్‌లో ఆఖరి షటిల్ బస్సు టైము దిగేటప్పుడే అడిగి పెట్టుకోండి, అది పోతే మైళ్ళకొద్దీ నడకే.

9. కంచర గాడిదలూ ఉడతలూ

దారిలో కంచర గాడిదలు ఎదురైతే కొండవైపుకి జరిగి నిలబడండి, లోయవైపు కాదు. తోలేవాళ్ళు చెప్పినట్టు వినండి, అరుపులూ సెల్ఫీలూ వద్దు. ఉడతలు ముద్దుగా దగ్గరికొస్తాయి. జంతిక పెట్టకండి, కరుస్తాయి. రాములవారి ఉడతలు కావవి.

10. కారు నడిపేదెవరు?

ఇది బయల్దేరేముందే తేలాలి, ఎందుకంటే సాయంత్రం అడిగితే అందరూ "నేను నడుపుతాలే" అంటారు, మళ్ళీ అదే మొహమాటం. పొద్దున నాలుగింటికి లేచి, పది మైళ్ళు నడిచి, చీకట్లో నాలుగు గంటలు ఫీనిక్స్‌కి డ్రైవింగ్ చేయడమంటే నడకకన్నా ప్రమాదం. పార్కు దాటాక మసక చీకట్లో ఎల్క్‌లు రోడ్డుకి అడ్డంగా వస్తాయి, ఒక్కోటి మన దున్నపోతంత ఉంటుంది. ఆ రోజు నడవకుండా రిమ్ మీదే తిరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే తాళాలు వాళ్ళకి. లేకపోతే విలియమ్స్‌లోనో ఫ్లాగ్‌స్టాఫ్‌లోనో ఒక గది తీసుకోండి. ఎనిమిది మంది పంచుకుంటే ఎంతవుతుంది?

ఎక్కేముందు డిక్కీ తెరిచి బూట్లు విప్పి చెప్పులేసుకోండి. ఒకరి కాళ్ళు ఒకరు చూసుకోండి, బొబ్బలుంటే అక్కడే ప్లాస్టర్ వేయండి. పులిహోర అడుగున కాస్త మిగిలే ఉంటుంది, పల్లీలు మెత్తబడి, మిరపకాయలు పక్కకి తీసిపెట్టి. మా రూమ్మేట్ ఈ మధ్య ఆ డబ్బా తనదగ్గరే పెట్టుకుంటున్నాడు. వేలు కొంచెం మంట పుట్టినా దారిలోనే కూర్చుని మూత తీస్తాడు, మేమూ చుట్టూ కూర్చుంటాం.